జ్వరం సరిహద్దు దాటుతుంది, డాక్టరు దాటకూడదా?



వానాకాలంలో ఒక పొద్దున భద్రాచలం ఏరియా ఆసుపత్రి ఓపీ లైన్ దగ్గర కాసేపు నిలబడండి. చీటీ రాయించుకునేవాళ్ళు చెప్పే ఊళ్ళ పేర్లు వినండి. కుంట వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు, అది ఛత్తీస్‌గఢ్. మోటు, కలిమెల వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు, అది ఒడిశా. చింతూరు, కూనవరం వాళ్ళది ఆంధ్రప్రదేశ్. ఆసుపత్రి తెలంగాణది. నాలుగు రాష్ట్రాల జనం ఒక్క లైన్లో. అయినా ఆ లైన్లో మన కోయ మాట ఒకరిది ఇంకొకరికి అర్థమవుతుంది.

వాళ్ళని "మీది ఏ రాష్ట్రం, వెనక్కి పొండి" అని ఎవరూ అనరు. అనకూడదు కూడా. డోలీలోనో, బండి వెనక కూర్చోబెట్టుకునో, ఆటోలోనో రోగి ఎలాగోలా సరిహద్దు దాటి వస్తాడు. దాటగలిగినవాడు వస్తాడు. దాటలేనివాడు గూడెంలోనే ఉండిపోతాడు.

ఇప్పుడు దీన్ని తిరగేసి అడుగుదాం. రోగి రాలేనప్పుడు డాక్టరే అటు పోవచ్చు కదా? భద్రాచలంలో పనిచేసే డాక్టరు ఏరు దాటి మల్కన్‌గిరిలో ఒక వారం క్యాంపు పెట్టొచ్చు కదా? జగదల్‌పూర్ నర్సు చింతూరు వచ్చి పదిరోజులు పనిచేయొచ్చు కదా? ఇక్కడే కాగితం అడ్డం వస్తుంది. రోగి దాటితే ఊరుకునే వ్యవస్థ, డాక్టరు దాటితే "రిజిస్ట్రేషన్ ఎక్కడ?" అంటుంది.

ఈ వారం మనం మాట్లాడుకోవాల్సింది దీని గురించే. జబ్బులు ఊళ్ళను చుట్టేసినప్పుడు పక్క రాష్ట్రాల డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు వెంటనే వచ్చి వైద్యం చేసేలా అనుమతి ఉండాలా? ఉండాలనే మేము అంటున్నాం. కానీ అది మన షరతుల మీద ఉండాలి. ఆ రెండో మాట మొదటి మాట కన్నా ముఖ్యం. చివరిదాకా చదవండి.

అసలు చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో డాక్టరు అంటే ఎంబీబీఎస్ పాస్ అయితే చాలదు. రిజిస్టర్‌లో పేరుండాలి. ఆ రిజిస్టర్ రాష్ట్రానికొకటి ఉంటుంది, దాన్ని ఆ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ నడుపుతుంది. వీటన్నిటి మీద జాతీయ రిజిస్టర్ ఉంటుంది. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం రాష్ట్ర రిజిస్టర్‌లో గానీ జాతీయ రిజిస్టర్‌లో గానీ పేరు లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఇది మంచిదే. దొంగ డాక్టర్ల బారిన ఎక్కువ పడేది మనమే కాబట్టి ఈ కట్టడి మనకే ఎక్కువ అవసరం.

చిక్కు ఎక్కడంటే, ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన డాక్టరు ఇంకో రాష్ట్రంలో పనిచేయాలంటే ఆచరణలో ఆ రాష్ట్ర కౌన్సిల్‌కి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. పాత కౌన్సిల్ నుంచి అభ్యంతరం లేదని పత్రం, సర్టిఫికెట్ల పరిశీలన, ఫీజు, ఎదురుచూపు. నర్సులకూ అంతే, ఒక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి ఇంకో కౌన్సిల్‌కి. ఉద్యోగం మారేవాళ్ళు ఇవన్నీ చేసుకుంటారు, వారాలు పట్టినా ఓర్చుకుంటారు. కానీ ఫాల్సిపారం మలేరియాకి 24 గంటల్లో మందు పడకపోతే ప్రాణం మీదికి రావచ్చు. వారాల కాగితానికీ గంటల జ్వరానికీ పొంతన ఎక్కడ?

దీంట్లో ఇంకో వింత కూడా ఉంది. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. దాని ప్రకారం రిజిస్టర్ అయిన డాక్టరు దేశంలో ఏ మూల ఉన్న రోగికైనా ఫోన్లో, వీడియోలో వైద్యం చెప్పొచ్చు. అంటే భువనేశ్వర్ డాక్టరు మన గూడెం బిడ్డని సెల్‌ఫోన్లో చూసి మందు రాయొచ్చు. అదే డాక్టరు బస్సెక్కి వచ్చి, అదే బిడ్డ పొట్ట నొక్కి చూడాలంటే మాత్రం రాష్ట్రం కాగితం కావాలి. సిగ్నల్ లేని మన ఊళ్ళకి ఫోన్ డాక్టరు వల్ల ఏం ఒరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేది మీరే కదా.

ఇంకోటి. సీఆర్‌పీఎఫ్ క్యాంపుల్లో డాక్టర్లుంటారు. రైల్వే ఆసుపత్రుల్లో ఉంటారు. సైన్యంలో ఉంటారు. వాళ్ళు ఏ రాష్ట్రం నుంచైనా వస్తారు, ఎక్కడ పోస్టింగ్ పడితే అక్కడ పనిచేస్తారు. అంటే దారి లేక కాదు. ఎవరి కోసం దారి వేయాలి అన్నదే అసలు ప్రశ్న.

మనం పరాయివాళ్ళం ఎప్పుడయ్యాం?

"పక్క రాష్ట్రం డాక్టరు" అనే మాటలోనే ఒక మోసం ఉంది. మోటు దగ్గర సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. అక్కడ నిలబడితే ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్ మూడూ కనిపిస్తాయి. మూడు వైపులా కోయ ఊళ్ళే. పెళ్ళి సంబంధాలు దాటతాయి, సంతకి పోయేవాళ్ళు దాటతారు, పండగకి చుట్టాలు దాటతారు, దోమ దాటుతుంది, జ్వరం దాటుతుంది. గీత గీసింది మనం కాదు. గీసేటప్పుడు మనల్ని అడగలేదు.

2014లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. చింతూరు, కూనవరం జనానికి నిన్నటిదాకా సొంత రాష్ట్రం డాక్టరు అయిన భద్రాచలం డాక్టరు, ఒక్క ఆర్డినెన్స్‌తో పక్క రాష్ట్రం డాక్టరు అయిపోయాడు. ఆయన నేర్చుకున్న వైద్యం మారలేదు. ఆయన మన మాట మరిచిపోలేదు. మారింది మ్యాప్ ఒక్కటే.

సాలూరు పక్కన కొఠియా గ్రామాలు చూడండి. ఆ 21 ఊళ్ళు మావంటే మావని ఆంధ్రా, ఒడిశా దశాబ్దాలుగా కోర్టులో కొట్లాడుకుంటున్నాయి. కెరమెరి మండలం పరందోళి వైపు ఊళ్ళలో మహారాష్ట్ర, తెలంగాణ రెండిటి ఓటరు కార్డులూ ఉన్నాయి. ఓటు వేయించుకోవడానికి రెండు రాష్ట్రాలూ హాజరు. ఒకే మనిషికి రెండు రాష్ట్రాల ఓటు హక్కు ఇవ్వగలిగిన వ్యవస్థ, ఒకే డాక్టరుకి పదిహేను రోజులు రెండు రాష్ట్రాల్లో పనిచేసే అనుమతి ఇవ్వలేదా?

రెండు వానాకాలాలు

2016. మల్కన్‌గిరి. సెప్టెంబరు నుంచి నవంబరు లోపు ఆ ఒక్క జిల్లాలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువమంది ఆదివాసీ పిల్లలే. పొద్దున బాగున్న బిడ్డకి జ్వరం, ఫిట్స్, స్పృహ పోవడం, ఒకటి రెండు రోజుల్లో చావు. జపనీస్ మెదడువాపు అన్నారు. చాలామందికి రక్తపరీక్షలో అది తేలలేదు. తర్వాత వెల్లూరుకి చెందిన వైరాలజీ నిపుణుడు డాక్టర్ టి. జాకబ్ జాన్ వంటివాళ్ళు వచ్చి చూసి, కొన్ని మరణాలకి కారణం వైరస్ కాకపోవచ్చు, కసింద చెట్టు గింజల విషం కావచ్చు అన్నారు. ఒడియాలో దాన్ని బన చకుండ అంటారు. పిల్లలు ఆడుకుంటూ తినే గింజ.

దీన్నుంచి మనకి రెండు పాఠాలు. ఒకటి, ఆ జిల్లాలో పిల్లల డాక్టర్లు సరిపడా లేరు, కానీ ఏటికి ఇవతల ఉన్నారు. రెండు, కారణం వైపు దారి చూపిన కళ్ళల్లో బయట రాష్ట్రం కళ్ళు కూడా ఉన్నాయి. ఇంతకు ముందు ఇలాంటి జబ్బు ఇంకో చోట చూసిన డాక్టరు వస్తే, అక్కడ గుర్తుపట్టింది ఇక్కడ పనికొస్తుంది. కేసు చూసిన చేయి తొందరగా రావాలి. పిల్లల్ని పూడ్చిపెట్టాక వచ్చే నివేదిక కన్నా ముందు రావాలి.

2017. అప్పటి తూర్పు గోదావరి జిల్లా, వై.రామవరం మండలం, చాపరాయి. కొండరెడ్ల ఊరు. ఒక నెల అటూ ఇటూగా 16 మంది చనిపోయారు. వారాలు గడిచాక గానీ బయటి ప్రపంచానికి తెలియలేదు. ముందు కలుషిత ఆహారం అన్నారు, నీళ్ళన్నారు, తర్వాత మలేరియా మాట వచ్చింది. అక్కడికి ఏ డాక్టరూ సమయానికి చేరలేదు, సొంత రాష్ట్రం వాళ్ళు కూడా. ఇది కూడా మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. సరిహద్దు కాగితం తీసేస్తేనే అన్నీ బాగుపడిపోవు. రోడ్డు, ఫోన్, ఆశా కార్యకర్త చేతిలో మలేరియా కిట్, పీహెచ్‌సీలో ఉండే డాక్టరు, ఇవన్నీ ముందు కావాలి. కాగితం తీసేయడం అనేది వీటికి తోడు మాత్రమే, వీటికి బదులు కాదు.

బయట ఎలా చేశారు?

కరోనా మొదటి వేవ్‌లో ముంబై మునిగిపోతున్నప్పుడు మహారాష్ట్ర కేరళకి లెటర్ రాసింది. 50 మంది డాక్టర్లను, 100 మంది నర్సులను పంపండి అని అడిగింది. 2020 జూన్‌లో కేరళ బృందం ముంబై వచ్చి పనిచేసింది. ముంబైకి అవసరం పడితే సరిహద్దు ఎంత తేలిగ్గా కరిగిందో చూడండి. మల్కన్‌గిరి కోసం, చింతూరు కోసం అలాంటి లెటర్ ఎవరు రాస్తారు?

ఇంకా దూరం చూద్దాం. అమెరికాలో నవాహో అనే ఆదివాసీ జాతి ఉంది. వాళ్ళ నేల అరిజోనా, న్యూ మెక్సికో, యూటా అనే మూడు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంది, అచ్చం మన కోయ, గోండు నేలలాగే. 2020 మే నాటికి జనాభా లెక్కన చూస్తే అక్కడ కరోనా కేసులు న్యూయార్క్‌ని మించిపోయాయి. అప్పుడు కాలిఫోర్నియా నుంచి యూనివర్సిటీ డాక్టర్లు, నర్సులు వెళ్ళి నవాహో ఆసుపత్రుల్లో పనిచేశారు.

అమెరికా ఆదివాసీలకి అప్పటికే ఒక చట్టం ఉంది. 2010లో వాళ్ళ ఆరోగ్య చట్టంలో చేర్చిన ఒక సెక్షన్ ప్రకారం, ఆదివాసీ జాతి తన సొంత ఆరోగ్య కార్యక్రమంలో పెట్టుకున్న డాక్టరుకి దేశంలో ఏదో ఒక రాష్ట్రం లైసెన్స్ ఉంటే చాలు, పనిచేసే రాష్ట్రం లైసెన్స్ అడగకూడదు. ఇది ఎమర్జెన్సీకే కాదు, ఎప్పటికీ వర్తిస్తుంది. డాక్టరుని పెట్టుకునేది ఎవరో గమనించండి. ఆ జాతే. ఆ జాతి పెట్టుకున్నందువల్లే రాష్ట్రం లైసెన్స్ అడ్డం తొలగింది. అమెరికా ఆదివాసీల కష్టాలు అక్కడా తీరలేదు, వాళ్ళ ఆసుపత్రుల్లోనూ డాక్టర్ల కొరత ఉంది. కానీ నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలో ఆ సెక్షన్ తేల్చింది.

"మన ఉద్యోగాలు మనకే అన్నాం కదా?"

ఈ ప్రశ్న మీలో చాలామందికి వస్తుందని తెలుసు. రావాలి కూడా. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఆదివాసీలకే అని 2000లో వచ్చిన జీవో నంబర్ 3 కోసం మనం ఎంత కొట్లాడామో, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు ఎంత బాధపడ్డామో మరిచిపోలేదు. అలాంటి మనం ఇప్పుడు బయటి డాక్టర్లను రమ్మంటామా?

రెండూ వేరు. పోస్టు వేరు, సాయం వేరు. ఇంటికి నిప్పంటుకుంటే పక్క ఊరివాడు బిందె పట్టుకొస్తే వద్దనం, కానీ మంట ఆరాక ఇల్లు అతని పేరున రాయం. బయట నుంచి వచ్చే డాక్టరుకి పర్మినెంట్ పోస్టు ఉండదు, సీనియారిటీ ఉండదు, గడువు అయ్యాక వెళ్ళిపోతారు. ఆ గడువు లోపల ఖాళీ పోస్టు నింపే పని ప్రభుత్వం మీద ఉండాలి.

ఇంకో సంగతి. ఈ వెసులుబాటు వల్ల ఎక్కువ లాభం మన పిల్లలకే. భద్రాచలంలో పుట్టి ఎంబీబీఎస్ చేసిన కోయ అమ్మాయి అనుకుందాం. ఆమెకి మల్కన్‌గిరి తల్లి చెప్పే మాట అర్థమవుతుంది. కటక్ నుంచి వచ్చిన డాక్టరుకి ఒడిశా రిజిస్ట్రేషన్ ఉంటుంది కానీ ఆ తల్లి మాట తెలియదు. ఉట్నూరు గోండు నర్సు గడ్చిరోలిలో మాట్లాడితే అక్కడి అవ్వలు నవ్వుతూ జవాబు చెబుతారు. చట్టం దృష్టిలో ఈ అమ్మాయిలు పరాయివాళ్ళు. రోగి దృష్టిలో వీళ్ళే సొంతవాళ్ళు.

తెల్లకోటు వేసుకున్న ప్రతివాళ్ళనీ నమ్మాలా?

నమ్మక్కర్లేదు. మనకి గాయం ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం మండలంతో సహా, వేలమంది బాలికలకి హెచ్‌పీవీ టీకా వేశారు. అదొక పరిశోధన ప్రాజెక్టు. అందులో ఆశ్రమ పాఠశాలల హాస్టల్ పిల్లలు ఉన్నారు. చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ ప్రాజెక్టు నడిచిన తీరుని గట్టిగా తప్పుపట్టింది. ఇక్కడ మన గొడవ టీకా మంచిదా చెడ్డదా అని కాదు, టీకాలు మన పిల్లల ప్రాణాలు కాపాడతాయి. మన బిడ్డ చేతికి సూది గుచ్చే ముందు మనల్ని అడగకపోవడం మీదే గొడవ.

అందుకే "ఎమర్జెన్సీ" అనే మాట వినగానే సంబరపడకండి. ఆ మాటతో తలుపు తెరిస్తే మంచివాళ్ళతో పాటు ప్రయోగాలు చేసేవాళ్ళు రావచ్చు, పేరు కోసం ఫోటోలు దిగి పోయేవాళ్ళు రావచ్చు, అసలు డాక్టర్లే కానివాళ్ళు రావచ్చు. తలుపు తెరవాలి, కానీ గడప దగ్గర మనం ఉండాలి.

ఎమర్జెన్సీ అని ఎవరు చెప్పాలి?

అసలు కిటుకు ఇక్కడుంది. పట్నంలో వందమందికి ఒకే జబ్బు వస్తే అది విపత్తు. గూడేల్లో వందమందికి వస్తే "సీజనల్ వ్యాధులు". పేపర్లో "విష జ్వరాలు" అని చిన్న వార్త. ప్రతి ఏడూ వస్తుంది కాబట్టి మామూలే అన్నట్టు. ప్రతి ఏడూ మనుషులు చనిపోతుంటే అది మామూలు ఎట్లవుతుంది?

1897 నాటి అంటువ్యాధుల చట్టం ఉంది. ఉన్న చట్టాలు చాలవనుకుంటే రాష్ట్రం తాత్కాలిక నిబంధనలు పెట్టుకోవచ్చని అది చెబుతుంది. కానీ "ప్రమాదకర అంటువ్యాధి" అంటే ఏంటో, ఎన్ని కేసులొస్తే అనాలో అందులో రాయలేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో కలెక్టర్ నడిపే జిల్లా అథారిటీకి నిపుణులను సాయానికి పిలిపించుకునే అధికారం ఉంది. అధికారాలు ఉన్నాయి. వాటిని వాడాలంటే ముందు ఎవరో ఒకరు "ఇది ఎమర్జెన్సీ" అని సంతకం పెట్టాలి. మన చావుల దగ్గర ఆ సంతకానికే పెన్ను కదలదు.

కాబట్టి పక్క రాష్ట్రం డాక్టర్లకి అనుమతిచ్చే ఎంత మంచి నిబంధన తెచ్చినా, ఎమర్జెన్సీ ప్రకటించే గంట మన చేతికి అందకపోతే అది కాగితం మీదే ఉంటుంది. పెసా చట్టం 1996లో వచ్చింది. విద్య, వైద్యం లాంటి సామాజిక రంగాల సంస్థల మీద, అందులో పనిచేసేవాళ్ళ మీద గ్రామసభకీ పంచాయతీలకీ అదుపు ఉండాలని అందులో రాసి ఉంది. ఆ అదుపుని ఇక్కడ వాడదాం. ఊళ్ళో ఇన్ని రోజుల్లో ఇన్ని జ్వరాలు, ఇన్ని మరణాలు అని గ్రామసభ తీర్మానం చేస్తే, జిల్లా యంత్రాంగం 48 గంటల్లో జవాబు చెప్పాలి. ఎమర్జెన్సీ అయినా ప్రకటించాలి, లేదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా ఇవ్వాలి.

రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ఇంకో దారి చూపిస్తుంది. పార్లమెంటు చట్టం గానీ రాష్ట్ర చట్టం గానీ షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదనో, ఫలానా మార్పులతో వర్తిస్తుందనో గవర్నర్ నోటిఫై చేయొచ్చు. మన భూమిని కాపాడే 1/70 కూడా ఐదో షెడ్యూల్ కిందే వచ్చింది. జీవో 3 తీర్పులో సుప్రీంకోర్టు గవర్నర్ అధికారానికి హద్దులు చెప్పింది గానీ, ఉన్న చట్టాన్ని మార్పులతో వర్తింపజేసే అధికారాన్ని తీసేయలేదు. మెడికల్ రిజిస్ట్రేషన్ విషయంలో మనం అడిగేది సరిగ్గా అదే.

మా డిమాండ్లు

1. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర ఐదు రాష్ట్రాలూ సరిహద్దు షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం ముందే ఒప్పందం చేసుకోవాలి. జబ్బు వచ్చాక లెటర్లు రాసుకోవడం కాదు.

2. ఈ రాష్ట్రాల్లో ఎక్కడ రిజిస్టర్ అయిన డాక్టరైనా, నర్సైనా, ల్యాబ్ టెక్నీషియన్ అయినా ఎమర్జెన్సీ ప్రకటించిన రోజే పనిలోకి దిగేలా ఉండాలి. పేరు, నంబరు రిజిస్టర్‌లో చూసి అదే రోజు ఐటీడీఏలో అనుమతి ఇవ్వాలి. ఫీజు ఉండకూడదు.

3. గడువు 90 రోజులు. పొడిగించాలంటే గ్రామసభల మాట వినాలి. పొడిగించిన ప్రతిసారీ ఆ పీహెచ్‌సీలో ఎన్ని పోస్టులు ఖాళీ, ఎప్పటికి నింపుతారు అనేది బోర్డు మీద రాసి పెట్టాలి.

4. కోయ, గోండి, కొలామి, కువి, సవర మాట్లాడగలిగిన వాళ్ళకి మొదటి పిలుపు. భాష రాని డాక్టరు వెంట మన మనిషి ఉండాలి. ఆ దుబాసీ పని ఆశా అక్కల మీద ఉచితంగా రుద్దొద్దు, రోజు కూలి లెక్కన డబ్బు ఇవ్వాలి.

5. ఎమర్జెన్సీ పేరుతో ఏ పరిశోధనా, ఏ మందు ప్రయోగమూ జరగకూడదు. వార్డెన్ సంతకం తల్లి సంతకం కాదు.

6. తప్పు జరిగితే ఫిర్యాదు ఇక్కడే, మన భాషలోనే తీసుకోవాలి. "ఆయన మా రాష్ట్రం వాడు కాదు" అని ఏ కౌన్సిల్ తప్పించుకోకూడదు. సొంత రాష్ట్రం కౌన్సిల్ చర్య తీసుకోవాలి.

7. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి అడవుల్లో గుంపులుగా ఉంటున్న గుత్తికోయల దగ్గరకి కూడా ఈ బృందాలు వెళ్ళాలి. ఆధార్ లేదని, రేషన్ కార్డు లేదని సూది ఆపకూడదు.

మీరేం చేయగలరు?

చదివి లైక్ కొట్టి పోవద్దు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. మూడు పనులు చెబుతాం.

మీ పీహెచ్‌సీలో మంజూరైన పోస్టులెన్ని, పనిచేసేవాళ్ళెందరు అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఖర్చు కొద్దిగానే ఉంటుంది. జవాబు వస్తే గ్రామసభలో చదవండి.

వానలు మొదలైన దగ్గర్నుంచి మీ ఊళ్ళో జ్వరాల లెక్క రాయండి. పేరు, వయసు, ఏ రోజు మొదలైంది, రక్తపరీక్ష చేశారా, ఏం తేలింది. ఒక నోటుబుక్ చాలు. ఎమర్జెన్సీ కాదని ఆఫీసరు అన్నప్పుడు ఎదురు పెట్టడానికి మన దగ్గర లెక్క ఉండాలి. ఆ నోటుబుక్ జాగ్రత్తగా దాచండి, జనం పేర్లు ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

మీ చుట్టాల్లో, దోస్తుల్లో ఎవరెవరు ఎంబీబీఎస్, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ చదివారో, చదువుతున్నారో లిస్టు రాయండి. ఏటికి అవతలివాళ్ళని కూడా రాయండి. సీలేరు, శబరి, ప్రాణహిత ఏ ఒడ్డున ఉన్నా వాళ్ళు మనవాళ్ళే. రేపు పిలుపు వస్తే మొదట బయల్దేరాల్సింది వాళ్ళే.

ఈ వానాకాలం కూడా ఎక్కడో ఒక గూడెంలో ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న బిడ్డని ఎత్తుకుని ఏటి ఒడ్డున నిలబడి ఉంటుంది. పడవ రావాలా, డోలీ కట్టాలా అని చూస్తుంటుంది. ఆమెకి అవతల ఒడ్డు ఏ రాష్ట్రమో అక్కర్లేదు. అవతల డాక్టరు ఉన్నాడని తెలుసు. ఆమె దాటాలని చెప్పే బదులు, ఆ డాక్టరునే ఇవతలికి రమ్మందాం. రానివ్వమని మన ప్రభుత్వాలని అడుగుదాం. అడిగినా వినకపోతే గ్రామసభ తీర్మానాలతో ఐటీడీఏ మెట్ల మీద కూర్చుందాం.

మావ నాటే మావ రాజ్!

జోహార్.